నౌపడా కళ్లుప్పు, ఒక తోలు వర్క్‌షాపు, మా ఇంటి "జింక": వాడి చూసాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, టైటిల్‌లో జింక అని చూసి ఎవరూ ఫారెస్టోళ్లకి ఫోన్ కొట్టకండి, అది మేకపోతు. ఎర్రటి గోధుమ రంగు, వీపు మీద తెల్ల చుక్కలు, మానాపురం సంతలో కొన్నప్పుడు నా మోచెయ్యంత ఉండేది, మా గుంట (అంటే మా అమ్మాయి) చూసీ చూడగానే "నాన్నా జింక" అనేసింది, ఇంక ఇంట్లో అందరికీ అదే పేరు ఖాయం. విజయనగరం పైడితల్లి అమ్మవారికి మొక్కిన పోతు అని మా గుంటకి మేం ముందే చెప్పాం కానీ ఏడాది పాటు దానికి రావాకు, మినప్పొట్టు పెట్టి పెంచిన పిల్లకి ఆ మాట ఏం చెవికెక్కుద్ది. పండగ దగ్గర పడేకొద్దీ ముభావంగా తయారైంది. చివరికి ఒకటే అడిగింది, దాని తోలయినా ఉంచుతావా అని. బొచ్చుతో, చుక్కలతో, అలాగే. సరే అన్నాను. అనేసాక తెలిసింది అది ఎంత పనో, ఎందుకంటే అంతకు ముందు ఒకసారి చేతులు కాల్చుకున్నోడిని.

ఈ రివ్యూ రెండు వాటికి. ఒకటి శ్రీకాకుళం జిల్లా నౌపడా కళ్లుప్పు, 25 కిలోల బస్తా, నాకు 220 పడింది. రెండోది చెన్నైలో పల్లావరం వైపు ఉన్న ఒక చిన్న వర్క్‌షాపు, బొచ్చు పోకుండా తోలు పదును పెట్టి, అంటే పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేసి మెత్తబరిచి ఇస్తారు. పేరు రాయను, ఇద్దరు మనుషులు చేసుకుంటున్న పని, అందరూ ఒకేసారి ఎగబడితే వాళ్లకీ మనకీ ఇబ్బందే. ఉప్పుకి ఐదుకి ఐదు. వర్క్‌షాపుకి నాలుగు, ఆ ఒకటి ఎందుకు కట్ చేసానో కింద చెప్తాను.

రెండేళ్ల కిందటి సంగతి ముందు. అప్పుడు నల్లపోతు. మాంసం కొట్టే ఆయన తోలు పట్టుకెళ్లబోతుంటే ఆపి నేనే తీసుకున్నాను, కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాను, నెత్తురు పోయింది, బావుంది అనుకున్నాను. నీళ్లు కారుతుండగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో పెట్టాను, మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తీసి వంటింట్లో ఉన్న కిలో సాల్ట్ పేకెట్‌లో సగం చల్లి, మళ్లీ ప్లాస్టిక్‌లోనే చుట్టి, ఆన్‌లైన్లో దొరికిన ఒక సర్వీసుకి పంపాను. 1500 అడ్వాన్స్. నలభై రోజులు ఉలుకూ పలుకూ లేదు, తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది, పొట్ట దగ్గర, చంకల దగ్గర బొచ్చు మొత్తం ఊడిపోయి బోడిగా, మధ్యలో మాత్రం నల్లగా ఒక చాపముక్కంత మిగిలింది. గొడవ పెట్టుకున్నాను. వాళ్లేమో మీరు పంపడమే కుళ్లిపోయి పంపారు సార్ అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట ముప్పాతిక నిజమే. కానీ వచ్చిన రోజే విప్పి చూసి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే డబ్బులన్నా మిగిలేవి కదా, నలభై రోజులు ఎందుకు నాన్చారో ఆ దేవుడికే తెలియాలి. ఆ సర్వీసు పేరు కూడా రాయను, రాసినా ఇప్పుడు ఆ నంబరు పనిచెయ్యట్లేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో నాకు విడమర్చి చెప్పింది మా మేనమామ ఊళ్లో డప్పులు కట్టే తాత. తోలు ఫోటో చూపిస్తే ఒక్క చూపు చూసి, "కడిగేసావేటి బావూ" అన్నాడు. కడిగితే తప్పేటి తాతా అంటే, "తడి తోలు, ఏడి వాతావరణం, గాలి ఆడని సంచీ, ఇంకేటి కావాల పురుగుకి?" అన్నాడు. ఆయన పురుగు అన్నది బేక్టీరియా. తోలు శరీరం మీద నుంచి వచ్చిన నిమిషం నుంచీ అది పని మొదలెడుతుంది, వెంట్రుక కుదుళ్ల దగ్గర చర్మం మెత్తబడిపోతుంది, అప్పుడు బయటకి ఏమీ కనపడదు, వాసన కూడా పెద్దగా రాదు, పదును పెట్టడానికి నీళ్లలో వేసిన రోజున కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొచ్చేస్తుంది. పొట్ట, చంకలు, తొడల సందులు ముందు పోతాయి, అక్కడ తోలు పల్చన, వేడి ఎక్కువ. ఫ్రిజ్‌లో పెట్టాను కదా అంటే, కింద అరలో చల్లదనం దాన్ని నెమ్మది చేస్తుందే తప్ప ఆపదు, పైగా తడి తోలు చుట్ట లోపల వేడి బయటకి పోవడానికే గంటలు పడుతుంది.

ఇంకో ముక్క కూడా చెప్పాడు తాత, అది చాలామందికి పనికొస్తుంది. నాకు ఎవరో సున్నం రాస్తే తోలు పాడవ్వదు అని సలహా ఇచ్చారు. తాతకి చెప్తే పడీ పడీ నవ్వాడు. "సున్నం ఎట్టేది బొచ్చు పోడానికి బావూ. మా డప్పుకి బొచ్చు పోవాల, నీకేమో బొచ్చు ఉండాల. నా దారిలో వొచ్చి నీ ఊరు ఎల్తానంటే ఎలగ?" అన్నాడు. నేను ఒకటికి నాలుగు వీడియోలు చూసాను, ఈ ఒక్క మాట వాటిలో ఏ ఒక్కడూ చెప్పలేదు.

సరే ఇక అసలు జింకకి వద్దాం. మా పిన్ని కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్లో, లెక్క ప్రకారం ట్యాగ్ కట్టి జింకని వేటాడొచ్చు, వాడు ఒక తెల్లతోక జింకని కొట్టి తల గోడకి పెట్టించుకున్నాడు, ఆ పని చేసేవాళ్లని టాక్సిడెర్మిస్టులు అంటారు, లోపల ఫోమ్ బొమ్మ పెట్టి పైన తోలు తొడిగి బతికున్నట్టే నిలబెడతారు. వాడిని వీడియో కాల్‌లో గంటసేపు పట్టుకుని అన్నీ అడిగాను. వాళ్ల దగ్గర మొదటి రూలు ఏంటంటే తోలుని త్వరగా చల్లబరచడం, మిగతావన్నీ దాని తర్వాతే. తల పెట్టించుకోవాలంటే గొంతు కొయ్యకూడదు, భుజాల వెనక నుంచి చుట్టూ కోసి తియ్యాలి, టాక్సిడెర్మిస్ట్‌కి తోలు మిగిలితే ఫర్లేదు, తక్కువైతేనే చచ్చేది. జంతువుని నేల మీద ఈడ్చకూడదు, ఒకవైపు బొచ్చు అరిగిపోతుంది. ఆ రోజే ఇవ్వలేకపోతే మాంసం వైపు మాంసం వైపుకి తగిలేలా మడిచి, చుట్టి, గాలి లేకుండా కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పడేయడమే. ఉప్పు జోలికి పోవద్దని వాడికి వాళ్ల మనిషి గట్టిగా చెప్పాడంట. ఎందుకూ అంటే ఉప్పు వెయ్యాలంటే ముందు చెవులు లోపలి నుంచి తిరగేసి మృదులాస్థి విడదీయాలి, పెదాలు, కనురెప్పలు చీల్చి పల్చన చెయ్యాలి, అది చేతకాని వాడు పైపైన ఉప్పు చల్లితే చెవి లోపలికి ఉప్పు చేరదు, అక్కడ బొచ్చు ఊడుతుంది. పైగా ఒకసారి ఉప్పేసిన తోలు ఫ్రీజర్‌లో సరిగ్గా గడ్డకట్టదు, ఉప్పునీరు కదా. అంటే ఫ్రీజరన్నా, ఉప్పన్నా, రెండిట్లో ఒకటే పట్టుకోవాలి. నేను మొదటిసారి ఫ్రిజ్‌లోనూ పెట్టాను, ఉప్పూ వేసాను, రెండూ సగం సగం.

నాకు తల అక్కర్లేదు, చాపలా పరుచుకునే తోలు చాలు, మా ఇంట్లో ఉన్న ఫ్రీజర్‌లో ఐస్ ట్రే తప్ప ఇంకేమీ పట్టదు, అక్టోబర్లో విజయనగరం ఉక్కపోత సంగతి అందరికీ తెలిసిందే. కాబట్టి ఉప్పే దారి.

ఉప్పు కొనడానికి వెళ్తే బజార్లో అన్నీ అయోడైజ్డ్ పేకెట్లే. తినే ఉప్పు అయోడిన్ లేకుండా అమ్మకూడదు కదా మరి. తోళ్ల పని చేసేవాళ్లు అయోడిన్ లేనిదే వాడమంటారు, పైగా మనకి కిలోల్లెక్కన కావాలి, పేకెట్లు కొనుక్కుంటే వాచిపోతుంది. మాకు అత్తారిల్లు టెక్కలి. మా మావయ్యగారికి ఫోన్‌లో ఈ గోల చెప్తే, "ఏటల్లుడుగారూ, నౌపడా పక్కనెట్టుకుని ఉప్పుకి బజారెల్తారేటి" అని నవ్వేసారు. నిజమే, బుద్ధి రాలేదు నాకు. సంతబొమ్మాళి మండలం, చిన్నప్పటి నుంచి రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి తెల్లగా కుప్పలు కుప్పలు కనపడే ఊరు, బ్రిటీషోళ్ల కాలం నుంచి ఉప్పుకి పేరు, పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో మొదలైంది కూడా నౌపడా నుంచే. ఆ ఊరి అల్లుడిని కాకపోయినా పక్కూరి అల్లుడిని, నేను వెళ్లి సూపర్ మార్కెట్లో ఉప్పు వెతుకుతున్నాను.

మావయ్యగారే తెచ్చి పెట్టారు బస్తా. తెచ్చేటప్పుడు ఆయన అడిగింది పాత ఉప్పు, ఈ ఏడు మడుల్లోంచి తీసింది కాకుండా పోయినేడు కుప్పేసింది. కొత్త ఉప్పులో మెగ్నీషియం లవణాలు ఎక్కువ ఉంటాయి, అవి గాల్లో చెమ్మని లాగి ఉప్పు ఎప్పుడూ తడితడిగా కారుతుంటుంది, కుప్ప వేసి ఉంచితే ఆ చేదునీరంతా కిందకి కారిపోయి ఉప్పు పొడిగా అవుతుంది. ఆయనకి ఈ మెగ్నీషియం గొడవ తెలీదు, "కొత్తది చెమరుద్ది" అంతే అన్నారు. బస్తా విప్పితే గింజలు శనగపప్పు సైజు నుంచి బఠాణీ సైజు దాకా, కొంచెం బూడిద రంగు, అక్కడక్కడా మట్టి. ఇక్కడే ఒక జాగ్రత్త. పెద్ద గింజలు అలాగే వేస్తే తోలుకి సమంగా అంటవు, గింజ తగిలిన చోట ఒకలా, తగలని చోట ఒకలా. సన్నగా ఉండాలి, అలా అని మరీ పౌడర్ అయిపోతే పైన పెంకులా కట్టేస్తుంది. రవ్వంత ఉంటే సరి. నేను రోట్లో దంచాను, 5 కిలోలు, భుజం పట్టేసింది, మిక్సీలో వేద్దామని చూస్తే మా అమ్మ జార్ తీసి దాచేసింది.

ఇంకో జాగ్రత్త, ఒకసారి తోలుకి వాడిన ఉప్పు దులిపి మళ్లీ వాడకండి, ఎంత తెల్లగా ఉన్నా సరే. ఎండకి ఎండిన సముద్రపు ఉప్పులో ఉప్పుని తట్టుకుని బతికే సూక్ష్మజీవులు ఉంటాయి, తోలు ఎక్కువ రోజులు చెమ్మగా ఉంటే గులాబీ రంగు మచ్చలు లేస్తాయి. నాకు మెడ దగ్గర అరచెయ్యంత మచ్చ లేచింది, కంగారుపడి తాతకి ఫోన్ చేస్తే గీకి కొత్త ఉప్పు వెయ్యమన్నాడు, వేసాను, ఆగింది.

ఇప్పుడు పండగ రోజు. పైడితల్లి పండగలో తొలేళ్లు సోమవారం, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను మంగళవారం, మాకు పోతు మంగళవారం పొద్దున్నే. కొట్టే ఆయనకి ముందు రోజే చెప్పి ఉంచాను, తోలు నాకు కావాలి, కత్తి గాట్లు పడకూడదు అని. ఆయన తోలుకి ఇప్పుడు రేటు ఎక్కడుందండీ, మేమే పారేస్తన్నాం అంటూనే వంద ఎక్స్‌ట్రా అడిగాడు, ఇచ్చాను, ఆ వంద ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన బెస్ట్ ఖర్చు. గొంతు నుంచి తోక దాకా మధ్యలో ఒకే గీత, తర్వాత కత్తి పక్కన పెట్టి పిడికిలి తోలుకీ కండకీ మధ్య దూర్చి తోసుకుంటూ వెళ్లాడు, తడి గుడ్డ చింపుతున్న శబ్దం, ఐదు నిమిషాల్లో ఒక్క బొక్క లేకుండా చేతిలో పెట్టాడు. కత్తితో గబగబా తీస్తే లోపలి వైపు గాట్లు పడతాయి, అప్పుడు కనపడవు, పదును పెట్టి సాగదీసిన రోజు అవే బొక్కలౌతాయి.

తూకం వేస్తే రెండున్నర కిలోలు. కడగలేదు. నెత్తురు అంటిన చోట మాత్రం ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచాను. నీడలో, సిమెంటు గచ్చు మీద బొచ్చు కిందకి పరిచి పది నిమిషాలు చల్లారనిచ్చాను. మా గుంట అప్పటిదాకా గదిలోంచి రాలేదు, అప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది, చుక్కలు కనపడట్లేదేంటి అంది, కింద ఉన్నాయి అమ్మా అన్నాను, వంగి ఒక అంచు ఎత్తి చూసి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత గీకుడు. మిద్దె మీద మిగిలిన ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క గోడకి ఏటవాలుగా ఆనించి, దాని మీద తోలు వేసి, మిగిలిన కండ, కొవ్వు, తెల్లటి పొర మొత్తం గీకాలి. కొవ్వు ఉన్న చోట ఉప్పు దిగదు, అదే అసలు పాయింట్. పదునైన కత్తి వద్దు, మొద్దుది కావాలి, నేను మొదట కత్తి వెనక వైపుతో చేసాను, కుదర్లేదు, వంటింట్లోంచి స్టీలు అట్లకాడ తెచ్చాను, అద్భుతంగా పనిచేసింది, ఆ అట్లకాడ మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు, కొత్తది 90 రూపాయలు, ఖర్చుల్లో రాసుకోండి. పొర ఎలా తెలుస్తుందంటే వేలితో తోస్తే చీర మడతలా కదులుతుంది, గీకాక కింద ఉన్న తోలు నీలంగా తెల్లగా మెరుస్తుంది, వేలికి జారదు. మెడ దగ్గర మందం, అక్కడ ఓపిక కావాలి, పొట్ట దగ్గర పల్చన, అక్కడ గట్టిగా నొక్కితే చిరిగిపోతుంది. మొత్తం గంట పట్టింది. నా వేలికి ఎప్పుడు గీసుకుందో తెలీదు, ఉప్పు ముట్టుకోగానే తెలిసింది, ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. గ్లవుజులు వేసుకోండి.

ఉప్పు తోలు బరువులో సగం చాలని కొందరు, తోలు బరువంత ఉండాలని కొందరు అంటారు, మన వాతావరణానికి నేను రెండో మాటే పట్టుకున్నాను, మొదటి విడత రెండు కిలోలు పైనే పోసాను. మాంసం వైపు మాత్రమే, బొచ్చు వైపు అక్కర్లేదు. చల్లడం కాదండీ, రుద్దాలి, అరచేత్తో మధ్య నుంచి అంచులకి, కాళ్ల ముక్కల్లోకి, తోక మొదట్లోకి, మడతపడి చుట్టుకుపోయిన అంచులు విప్పి మరీ. అంచులు దొర్లుకుపోయి లోపల ఉప్పు లేకుండా ఉంటే అక్కడ నుంచే కుళ్లు మొదలు. తర్వాత వాకిట్లో రెండు ఇటుకల మీద చెక్క పలక ఏటవాలుగా పెట్టి దాని మీద తోలు పరిచి, కింద వైపు బకెట్ పెట్టాను. సాయంత్రం సిరిమాను చూడ్డానికి అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల సెంటర్ దగ్గరకి వెళ్లాం, ఆ జనంలో పిల్లని భుజం మీద ఎక్కించుకుని, సిరిమాను కోట దాకా మూడు సార్లు తిరిగేదాకా ఉండి వచ్చేసరికి బకెట్లో గ్లాసున్నర ఎర్రటి నీళ్లు. అదంతా తోలులోది. ఉప్పు లాగేసింది.

మర్నాడు తడిసిన ఉప్పంతా దులిపేసి కొత్త ఉప్పు మళ్లీ రెండు కిలోలు. ఈ దులిపిన ఉప్పు ఎక్కడ పడితే అక్కడ పొయ్యకండి, నేను పెరట్లో ఒక మూల పోసాను, అక్కడ గడ్డి చచ్చిపోయింది, ఇప్పటికీ మొలవలేదు. బుధవారం రాత్రి వాన, పలక లోపలికి మార్చాం, వాన గాలికి ఉప్పు మళ్లీ చెమర్చింది, ఆ చెమ్మకే పైన చెప్పిన గులాబీ మచ్చ. ఎండ వచ్చాక ఎండలో వేద్దామా అనిపిస్తుంది, ఆ తప్పు చెయ్యకండి, డప్పు తోలు ఎండలో సాగదీసి ఆరబెడతారు గానీ ఇది వేరు, పచ్చి తోలు మండుటెండలో పెడితే జిగురులా ఉడికిపోయి గట్టిపడుతుంది, తర్వాత ఏ మందూ దాంట్లోకి దిగదు. నీడ, గాలి, ఫ్యాన్. ఐదో రోజుకి అట్ట కాదు, గుడ్డ కాదు, కొత్త చెప్పు తోలులా వంగుతూ ఉంది. అదే టైము. అప్పుడే మాంసం వైపు లోపలికి మడిచి, గోనె సంచిలో పెట్టాలి. మరీ పెళుసుగా ఎండనిచ్చి మడిస్తే మడత దగ్గర పగులుతుంది.

కొరియర్ కథ క్లుప్తంగా. గోనె సంచి, దాని మీద అట్టపెట్టె, కొరియర్ ఆఫీసులో ఆయన లోపల ఏముంది సార్ అన్నాడు, నేను నోరు తెరిచేలోగా పక్కనున్న మా గుంట "జింక తోలు" అంది. లైన్లో ఉన్న నలుగురూ తిరిగి చూసారు. కౌంటర్ ఆయన పెట్టె మీద నుంచి చెయ్యి తీసేసాడు, నిప్పు ముట్టుకున్నట్టు. మేకండీ, పేరు జింక అండీ అంటే నమ్మడే. ఫోన్లో ఫోటోలు చూపించాను, మెడలో గంట, నోట్లో రావాకు, పక్కన పిల్ల. నమ్మాడు గానీ తీసుకోలేదు. తప్పు పట్టను, ఆయన ఉద్యోగం ఆయనది. చివరికి ఆఫీసు పని మీద చెన్నై వెళ్తున్న ఫ్రెండుతో పాటు నేనూ టికెట్ తీసుకుని మెయిల్ ఎక్కాను.

వర్క్‌షాపు గురించి. బయట తమిళంలో, ఇంగ్లీషులో బోర్డు, అడవి జంతువుల తోళ్లు తీసుకోం అని. పెద్దాయన గోనె విప్పి చుక్కలు చూడగానే మొహం మారిపోయింది, మళ్లీ అదే కథ. కానీ ఈయన ఫోటోలు అడగలేదు. వీపు మీద రెండు వెంట్రుకలు పీకి గోటి మధ్య వంచాడు. జింక వెంట్రుక లోపల బోలుగా, ముతగ్గా ఉంటుంది, వంచితే గడ్డిపరకలా మడతపడి అలాగే ఉండిపోతుంది, ఇది వంచితే తిరిగి లేచింది. "ఆడు" అన్నాడు, తమిళంలో మేక అని. తర్వాత తోలు తిరగేసి పొట్ట దగ్గర, చంక దగ్గర రెండు వేళ్లతో బొచ్చు పట్టుకుని నెమ్మదిగా లాగాడు. నా గుండె ఆగింది. రాలేదు. మళ్లీ లాగాడు, రాలేదు. మాంసం వైపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఉప్పు ఎక్కడిది అని అడిగాడు. నౌపడా అంటే ఆయనకి తెలీదు, కానీ తల ఊపాడు. నాలుగు మార్కుల్లో రెండు ఆ రెండు వేళ్లకే ఇస్తున్నాను, రెండేళ్ల కిందట ఆ పని ఎవరైనా చేసి ఉంటే నేను గొడవ పెట్టుకునేవాడినే కాదు.

పని 45 రోజులు అన్నాడు, 52 పట్టింది. 1800 తీసుకున్నాడు, సగం ముందు, సగం తర్వాత. నానబెట్టి ఉప్పు కడిగి, ఆమ్లంలో ఊరేసి, పటికతో పదును, తర్వాత నూనె పట్టించి చెక్క మీద రుద్ది మెత్తబరచడం, మధ్యలో ఒకసారి ఫోటో పెట్టాడు అడక్కుండానే. తిరిగొచ్చింది చూస్తే చుక్కలు చుక్కలుగా, వీపు మీద నల్ల గీత సహా, దువ్వినట్టు. గులాబీ మచ్చ లేచిన చోట కూడా బొచ్చు నిలిచింది, కిందవైపు కొద్దిగా రంగు తేడా ఉంది అంతే. పటిక పని కాబట్టి తడపకూడదు, తడిస్తే పదును వదిలి మళ్లీ గట్టిపడుతుంది, ఆయన రెండుసార్లు చెప్పాడు, దీన్ని బాత్రూమ్ గుమ్మం ముందు వేసుకుందామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి. ఒక మార్కు ఎందుకు తీసేసానంటే, నన్ను అడక్కుండా కాళ్ల ముక్కలు కత్తిరించేసాడు, చాప ఆకారం బావుంటుందని ఆయన ఉద్దేశం, మా పిల్లకేమో కాళ్లు కూడా కావాలి. మెడ దగ్గర ఇంకా కొంచెం బిరుసుగా ఉంది. మొదటి వారం ఒక నూనె వాసన వచ్చింది, తర్వాత పోయింది.

ఫోటో స్టేటస్ పెట్టాక ముగ్గురు నలుగురు మెసేజ్ చేసారు, మా ఇంట్లో తాతగారి నాటి జింక తోలు ఉంది, జపానికి కూర్చునేది, బొచ్చు రాలిపోతోంది, అక్కడ ఇస్తే బాగు చేస్తారా అని. చెయ్యరు, చేయించకండి కూడా. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఓనర్‌షిప్ సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే ఇబ్బంది, దాన్ని పట్టుకుని రైలెక్కడం ఇంకా ఇబ్బంది. పైగా కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. కాగితాలు ఏమున్నాయో చూసుకుని, తెలిసిన లాయర్‌ని ఒక మాట అడిగి ఫారెస్ట్ ఆఫీసుకి వెళ్లండి, నా ఇన్‌బాక్స్‌కి కాదు. జంతువుల బొమ్మలు చేసే పని మన దగ్గర అసలు ఎంత తగ్గిపోయిందంటే మైసూర్‌లో రాజులు వేటాడిన పులుల్ని బొమ్మలుగా నిలబెట్టిన వాన్ ఇంగెన్ కంపెనీయే 1999లో మూసేసారు. మేక, గొర్రె, అంతవరకే మన హద్దు.

జింక ఇప్పుడు హాల్లో కిటికీ పక్కన ఉంది, మా గుంట దాని మీద కూర్చునే హోంవర్క్ చేస్తుంది, తోక వైపు ఎవరినీ తొక్కనివ్వదు. కత్తిరించేసిన కాళ్ల సంగతి ఇంకా మర్చిపోలేదు, చెన్నై తాతకి ఫోన్ చెయ్యి అడుగుతాను అంటుంది. బస్తాలో ఇంకా ఇరవై కిలోల ఉప్పు మిగిలింది. మా అమ్మ తోలుకి తెచ్చిన ఉప్పు ఆవకాయలో వెయ్యను అని ఖరాఖండిగా చెప్పేసింది, కొత్తదే కదమ్మా ముట్టుకోలేదు అన్నా వినదు, పది కిలోలు పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మొదట్లో వేసాం, మిగతాది ఎవరికైనా కావాలంటే విజయనగరం దాసన్నపేట వచ్చి పట్టుకెళ్లండి, ఫ్రీయే, సంచి మీరే తెచ్చుకోవాలి, రోట్లో దంచుకోవడం కూడా మీ వంతే.